సింగిలీకాన్ని చూసి వచ్చాం



కోతి మనకు కొత్త ప్రాణి కాదు. కొబ్బరితోట ఉన్న ప్రతి ఇంట్లోనూ కోతిమీద ఒక ఫిర్యాదు ఉంటుంది. అదే ఇంట్లో పూజగదిలో ఆంజనేయస్వామి పటం ఉంటుంది. పొద్దున తోటలో రాయి విసిరేదీ మనమే, సాయంత్రం ఆ పటం ముందు దీపం పెట్టేదీ మనమే. అలాంటిది, ఒక కోతిని చూడడానికి తెల్లవారుజామున లేచి, వ్యాను మాట్లాడుకుని, కొండమీదికి వెళ్ళిరావడమేమిటని మీకు అనిపించవచ్చు. మా వీధివాళ్ళూ అదే అన్నారు. "కోతులు కావాలంటే మా మిద్దెమీదికి రండి టీచర్, డబ్బులు లేకుండా చూపిస్తాం" అని ఒకాయన నవ్వాడు.

మేము చూడడానికి వెళ్ళింది మిద్దెమీదికి వచ్చే కోతిని కాదు. మన పడమటి కనుమల అడవుల్లో తప్ప ప్రపంచంలో మరే అడవిలోనూ లేని కోతిని. ఆ ఒక్కరోజు ప్రయాణం గురించీ, ఆ రోజు నేను చేసిన ఒక పొరపాటు గురించీ, మాతో వచ్చిన ఒక అవ్వ దగ్గర నేను నేర్చుకున్న ఒక మాట గురించీ ఈవేళ మీతో చెప్పుకుంటాను.

మాది పొల్లాచి దగ్గర ఒక పల్లె. మా పెద్దలు విజయనగర రాజుల కాలంలోనో, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనో ఇటు వచ్చి స్థిరపడ్డారని ఇంట్లో చెప్పుకుంటారు. బడిలో నేను పిల్లలకు తమిళంలో సైన్సు చెబుతాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆదివారం సాయంత్రాలు గుడి మంటపంలో పధ్నాలుగు మంది పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతాను. వాళ్ళకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బస్సుమీద తెలుగు బోర్డు కనబడితే బొమ్మ చూసినట్టు చూస్తారు.

ఒక ఆదివారం గుణింతం చెబుతూ 'కో' దగ్గరికి వచ్చి 'కోతి' అని రాశాను. ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, "టీచర్, కోతులన్నీ ఒకటేనా?" అని అడిగింది. కావన్నాను. మన ఊళ్ళో తిరిగేది నెత్తిమీద వెంట్రుకలు టోపీ పెట్టినట్టు పరచుకుని ఉండే కోతి. దక్షిణాదిలో ఎక్కువగా కనబడేది ఇదే. ఉత్తరాదిన కనబడేది వేరే జాతి, దాని తోక పొట్టి. కొండముచ్చు మరొకటి. అది ముఖం నల్లగా, ఒళ్ళు బూడిదరంగులో, తోక బారెడు పొడుగున ఉంటుంది. ఇవన్నీ చెప్పి, "మన ఆనమలై కొండల్లోనే ఇంకొక కోతి ఉంది, ఒళ్ళంతా నలుపు, ముఖం చుట్టూ సింహానికి ఉన్నట్టు జూలు" అన్నాను. "మీరు చూశారా టీచర్?" అన్నది ఆ పిల్ల. లేదన్నాను. నలభై ఏళ్ళు దాటిన దాన్ని, సైన్సు టీచర్ని, ఆ కొండ కనబడే ఊళ్ళోనే పుట్టి పెరిగిన దాన్ని. చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది.

అలా సంక్రాంతి సెలవుల్లో ప్రయాణం కుదిరింది. పధ్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు పిల్లల తండ్రులు, నేను. ఆ అడిగిన పిల్ల వాళ్ళ అవ్వ కూడా వస్తానన్నది. డెబ్భై ఏళ్ళ పైబడిన మనిషి. "ఆడపిల్లల్ని చూసుకోవడానికి ఒక పెద్దదిక్కు వద్దా టీచరమ్మా?" అని వ్యాను ముందు సీట్లో కూర్చుంది. ఆమె ఒడిలో ఒక గుడ్డసంచి. అందులో రెండు సీపుల అరటిపళ్ళు, ఒక పొట్లం వేరుశనగలు. "ఇవి పిల్లలకా అవ్వా?" అన్నాను. "పిల్లలకు ఇంటినుంచి పులిహోర వస్తూంది గదా. ఇది స్వామికి" అన్నది. స్వామి అంటే కోతి.

పొల్లాచి నుంచి వాల్పారైకి 64 కిలోమీటర్లు. ఆళియారు ఆనకట్ట దాటగానే కొండ మొదలవుతుంది. అక్కడినుంచి పైకి 40 హెయిర్‌పిన్ వంపులు. తమిళంలో వీటిని 'కొండై ఊసి వళైవు' అంటారు. కొండై అంటే కొప్పు, ఊసి అంటే సూది. కొప్పులో గుచ్చుకునే పిన్నులాగా రోడ్డు వంగి వెనక్కి తిరుగుతుంది. ప్రతి వంపు దగ్గరా అంకె రాసి ఉంటుంది. పిల్లలకు ఆ అంకెలు తెలుగులో గట్టిగా చదవాలని పందెం పెట్టాను.

కాని వంపులు మొదలయ్యే ముందే, ఆళియారు పైన జలపాతం దగ్గర వ్యాను ఆపవలసి వచ్చింది. ఆ జలపాతానికి ఇంగ్లీషులో పేరే 'మంకీ ఫాల్స్'. అక్కడ రోడ్డుగోడమీద మన ఊరి జాతి కోతులే వరసగా కూర్చుని ఉంటాయి, రేషను షాపు ముందు క్యూలో ఉన్నట్టు. ప్రయాణికులు ఇచ్చేదానికోసం అలవాటుపడిన కోతులవి. 'కోతులకు తిండి పెట్టరాదు' అని బోర్డు ఉంది. ఆ బోర్డుకు ఆనుకునే ఒక కోతి బిస్కెట్టు తింటోంది.

అవ్వ దిగి, సంచిలోంచి ఒక పండు తీసి ఇచ్చింది. నేను వద్దని చెప్పవలసింది. నాకు తెలుసు, వద్దనడానికి కారణాలూ తెలుసు. కాని పెద్దావిడ, భక్తితో తెచ్చుకున్నది, పిల్లల ముందు కాదనడం ఎలాగని మెదలకుండా ఊరుకున్నాను. నా చిన్నతనంలో మా నాయన ప్రతి శనివారం కోతులకు శనగలు పెట్టేవాడు. ఆయన పక్కన నిలబడి నేనూ పెట్టినదాన్నే. ఆ జ్ఞాపకమూ నా నోరు నొక్కింది.

ఒక కోతికి పెడితే పది వచ్చాయి. ఒకటి అవ్వ కొంగు పట్టి లాగింది. ఒకటి వ్యానులో దూరి డ్రైవరు పెట్టుకున్న టిఫిను పొట్లం ఎత్తుకుపోయింది. మరొకటి, ఆ పిల్ల చేతిలో మురుకు ఉందని చూసి, మీదికి దూకింది. పిల్ల కెవ్వుమన్నది. గౌను చెయ్యి చిరిగింది. చర్మంమీద గీత పడిందా అని నేను మోచెయ్యి పైదాకా రెండుసార్లు వెతికాను. దేవుడి దయవల్ల పడలేదు. పడి ఉంటే ప్రయాణం అక్కడితో ఆపి ఆసుపత్రికి పోవలసిందే. ఈ సందర్భంలో ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. కోతి కరిచినా, గోటితో గీరి రక్తం చిమ్మినా, పసుపో సున్నమో రాసి ఊరుకోకూడదు. వెంటనే పావుగంటసేపు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి పిచ్చికుక్క కాటుకు వేసే టీకాలే వేయించుకోవాలి. ఆ జబ్బు కుక్కవల్లనే రావాలని లేదు. వచ్చాక మందు లేదు.

వ్యాను కదిలాక అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆకలి టీచరమ్మా వాటికి. ఆకలైతే మనిషి మాత్రం లాక్కోడా?" అన్నది. నేనప్పుడూ జవాబు చెప్పలేదు.

తొమ్మిదో వంపు దగ్గర పొద్దు పొడిచింది. కింద ఆళియారు నీళ్ళు, ఆ వెనక మా కొబ్బరితోటలు పచ్చటి చాప పరచినట్టు కనబడ్డాయి. రాతిమీద రెండు వరైఆడులు, అంటే కొండమేకలు, మేస్తున్నాయి. తమిళనాడు రాష్ట్ర జంతువు అదేనని పిల్లలకు చూపించాను. ఇక్కడినుంచి అంతా ఆనమలై పులుల అభయారణ్యం. అడవి దాటాక తేయాకు తోటలు మొదలయ్యాయి. సుమారు 3,500 అడుగుల ఎత్తున, కొండ తరవాత కొండ, కత్తిరించిన జుట్టులాగా ఒకే మట్టంలో తేయాకు. పిల్లలు "ఎంత బాగుందో!" అన్నారు. నిజమే, బాగుంది. కాని వాళ్ళకు ఒక సంగతి చెప్పాను. నూటముప్ఫై ఏళ్ళ కిందట ఈ కొండలన్నీ ఆకాశం కనబడనంత దట్టమైన అడవి. 1890ల నుంచి దొరలు ఆ అడవి కొట్టించి కాఫీ, తేయాకు వేయించారు. తోటల మధ్య అక్కడక్కడ కొట్టకుండా మిగిలిన ముక్కలు ఉన్నాయి. చీర చిరిగిపోగా మిగిలిన పీలికల్లాగా. మనం చూడబోయే కోతి ఆ ముక్కల్లో ఉంటుంది.

వాల్పారై ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల ముందే పుదుత్తోట్టం అనే చోట రోడ్డు అలాంటి ఒక అడవిముక్కను కోసుకుంటూ పోతుంది. అక్కడ దిగాం. మంచు. చెట్లమీదినుంచి నీళ్ళ చుక్కలు. అరగంట నిలబడ్డా ఏమీ కనబడలేదు. దూరంగా కొండమీదినుంచి 'హూ, హూ' అని గంభీరమైన కూత వినబడింది. అది నీలగిరి కొండముచ్చు, తమిళంలో కరుమంది. దాని మాంసంతో లేహ్యం చేస్తే ఆయాసం తగ్గుతుందనే మూఢనమ్మకంతో ఒకప్పుడు విపరీతంగా వేటాడారు. డ్రైవరు, "టిఫినూ పోయె, కోతీ లేకపోయె" అని గొణిగాడు. పిల్లలు నవ్వారు.

అప్పుడు మా తలమీద పనసచెట్టు కదిలింది.

ముందు చెయ్యి కనబడింది, నల్లని చెయ్యి. తరువాత ముఖం. శ్రోతలారా, బొమ్మల్లో చూడడం వేరు, ఎదురుగా చూడడం వేరు. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు. ముఖం చుట్టూ చెంపలనుంచి గడ్డం దాకా వెండిరంగు జూలు. ఆ జూలు మధ్య ముఖం ఎవరో పెద్దమనిషి ముఖంలాగా, ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంది. తోక చివర చిన్న కుచ్చు. దానివల్లనే ఇంగ్లీషులో దీనికి 'సింహపు తోక కోతి' అని పేరు. మన ఊరి కోతికంటే నెమ్మది. పనసకాయను రెండు చేతులా పట్టుకుని, తొన ఒలిచి, బుగ్గలో దాచుకుంది. కోతులకు చెంపల లోపల సంచులుంటాయి, తిండి అందులో కూరుకుని తీరిగ్గా నములుతాయి. పిల్లలు గుసగుసగా లెక్కపెట్టారు. ఒకటి, రెండు, ఏడు, పదకొండు. పధ్నాలుగు దాకా వచ్చి, "మనంత మందే టీచర్!" అన్నాడు ఒక పిల్లవాడు.

అక్కడ కాపలా ఉన్న ఒక యువకుడు మా దగ్గరికి వచ్చాడు. అక్కడి తోటలో పనిచేసే కుటుంబంలో పుట్టినవాడు. వాహనాలను నెమ్మదిగా పోనిచ్చి, కోతులను రోడ్డు దాటించడం అతని పని. తమిళంలో ఎన్నో చెప్పాడు. ఈ కోతి పుట్టుకతో చెట్టుమీది ప్రాణి. పెద్ద అడవిలో ఉన్నవి నేలమీద కాలు మోపడమే అరుదు. కొమ్మనుంచి కొమ్మకు పోతూ పండ్లు, పూలు, పురుగులు తింటాయి. ఇక్కడ అడవి చిన్నదైపోయి, మధ్య రోడ్డు వచ్చి, కొమ్మకు కొమ్మ అందక నేలకు దిగడం నేర్చుకున్నాయి. ఇక్కడ ఒకప్పుడు పదుల్లో ఉన్నవి ఇప్పుడు నూరు దాటాయి. మంచిదే గదా అనుకుంటాం. కాని చోటు మాత్రం పెరగలేదు. దాంతో ఊళ్ళోకి, ఇళ్ళ కప్పులమీదికి, చెత్తకుప్పల దగ్గరికి వస్తున్నాయి.

అతను తలపైకి చూపించాడు. రోడ్డుకు ఈ పక్క చెట్టునుంచి ఆ పక్క చెట్టుకు, నిప్పు ఆర్పే గొట్టాలవంటి గట్టి పట్టీలతో అల్లిన వంతెన వేలాడుతోంది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ శాస్త్రజ్ఞులు, అటవీశాఖవారు కలిసి ఇలాంటివి కట్టించారు. కోతులు వాటిమీదుగా రోడ్డు దాటుతాయి. అవ్వ చాలాసేపు తలెత్తి చూసి, "ఆనాడు అవి స్వామికి వారధి కట్టాయి. ఈనాడు మనం వాటికి కడుతున్నామన్నమాట" అన్నది. ఆమె మాట తమిళంలో చెప్పాను. ఆ యువకుడు చేతులు జోడించి నవ్వాడు.

అవ్వ చెయ్యి మళ్ళీ సంచిలోకి పోయింది. అతను మర్యాదగానే, "వేండామ్మా" అన్నాడు. వద్దమ్మా అని. అవ్వకు కోపం వచ్చింది. "ఆకలిగొన్న నోటికి పెట్టవద్దని ఏ శాస్త్రంలో ఉందయ్యా?" అని తెలుగులోనే గట్టిగా అడిగింది. అతను నావంక చూశాడు. ఈసారి కూడా నేను తటపటాయించాను. ఆ తటపటాయింపులోనే ఆ పని జరిగింది.

పైనుంచి ఒక కారు వచ్చింది. కిటికీలోంచి ఎవరో చిప్సు పొట్లం ఒకటి రోడ్డు మధ్యకు విసిరి, ఫోనుతో బొమ్మలు తీస్తూ మెల్లగా ముందుకు పోయారు. చెట్టుమీద ఉన్న ఒక తల్లికోతి, పొట్టకు బిడ్డను కరుచుకుని, వంతెన ఉన్నా దానివైపు చూడకుండా, గబగబా నేలకు దిగి రోడ్డుమీదికి వచ్చింది. ఆ వంపు తిరిగి ఇంకొక వాహనం వస్తోంది. డ్రైవరుకు కోతి కనబడే అవకాశం లేదు. కాపలా యువకుడు ఈలవేసి, చేతులు చాపి, రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. బ్రేకుల చప్పుడుకు తల్లి అదిరి పక్కకు దూకింది. బిడ్డ పట్టు జారి రోడ్డుమీద పడింది. ఒక్క క్షణం. బండి చక్రం దానికి రెండు మూరల దూరంలో ఆగింది. తల్లి వెనక్కి వచ్చి, బిడ్డను ఒంటిచేత్తో ఎత్తుకుని చెట్టెక్కింది. మరో చేతిలో చిప్సు పొట్లం ఉంది.

మా పిల్లల్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ యువకుడు చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఈరోజు అదృష్టం. రోజూ ఇలా ఉండదు" అన్నాడు.

అప్పుడు, వ్యాను నీడలో అందరినీ కూర్చోబెట్టి, నేను ఆళియారులోనే చెప్పవలసిన మాటలు చెప్పాను. మన ఊరి కోతికి దాదాపు ఏటేటా పిల్ల పుట్టవచ్చు. ఈ నల్లకోతికి అలా కాదు. ఆరేళ్ళు దాటితే గాని తొలిచూలు రాదు. ఒక బిడ్డకూ మరొక బిడ్డకూ మధ్య రెండున్నర, మూడేళ్ళ ఎడం. అంటే రోడ్డుమీద ఒక బిడ్డ పోతే ఆ తల్లికి పోయింది మూడేళ్ళు. పడమటి కనుమల మొత్తంమీద, కర్ణాటక, కేరళ, తమిళనాడు మూడు రాష్ట్రాల్లో కలిపి, పెద్దవయసు వచ్చినవి 2,500కు మించవని నిపుణుల అంచనా. మన పొల్లాచి సంతకు ఒక్క రోజున వచ్చే మనుషులకంటే తక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో, పులి, ఏనుగులతో సమానంగా చేర్చింది.

మనం పెట్టే తిండి దానికి కావలసిన తిండి కాదు. ఉప్పు, నూనె ఉన్న చిప్సుకు రుచి మరిగితే చెట్టుమీద గంటలకొద్దీ వెతుక్కునే పని మానుకుంటుంది. రోడ్డు పక్కనే కూర్చుంటుంది. మనిషంటే భయం పోతుంది. మనిషి వెనక వచ్చే బండి అంటే కూడా భయం పోతుంది. ఆ తరువాత ఇంట్లో దూరుతుంది. అప్పుడు ఇంటివాళ్ళు ఉండేలు తీస్తారు. కారులో వెళ్ళినవాళ్ళు ఫోటో తీసుకుని ఇంటికి పోతారు. చావు కోతిది, నష్టం అక్కడ ఉండే కూలివాళ్ళది. పెట్టిన చెయ్యి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. ఆళియారులో గౌను చించిన కోతి కూడా పుట్టుకతో దొంగ కాదు. దానికి ఆ విద్య నేర్పింది మనం. నేను, మా నాయన, మనమందరం కలిసి నేర్పాం. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త వణికిన మాట నిజం.

అవ్వ అంతా విన్నది. సంచి ముడి విప్పింది. అరటిపళ్ళు ఒక్కొక్కటే పిల్లలకు పంచింది. డ్రైవరుకు రెండు ఇచ్చింది, టిఫిను పోయినందుకు. "తొక్కలు కింద వెయ్యొద్దు, ఈ సంచిలోనే వెయ్యండి" అని సంచి నోరు తెరిచి పట్టుకుంది. ఆ తరువాత చెట్టుమీదికి చూస్తూ, ఉన్నట్టుండి, "ఓసి నీ! ఇదే గదా సింగిలీకం!" అన్నది.

"ఏమన్నారు అవ్వా?" అన్నాను.

"సింగిలీకమే. మా నాయన శ్రీరామనవమికి పందిట్లో కూర్చుని కథ చెప్పేవాడు. స్వామికి వారధి కట్టడానికి ఎవరెవరు వచ్చారంటే, కోతులు వచ్చాయి, కొండముచ్చులు వచ్చాయి, సింగిలీకాలు వచ్చాయి, ఎలుగుబంట్లు వచ్చాయి అని వరస చెప్పేవాడు. సింగిలీకమంటే ఏంది నాయనా అని అడిగితే, నల్లగా ఉంటుందట, సింహంలాగా జూలు ఉంటుందట, నేనూ చూడలేదు అనేవాడు. నేను అది ఉత్త కథ అనుకున్నాను టీచరమ్మా. ఇన్నేళ్ళకు చూశాను."

నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే, కన్నడంలో ఈ కోతి పేరు సింగళీక. అది నాకు తెలుసు. తమిళంలో సోలైమంది, అంటే చిక్కటి అడవిలో ఉండే కోతి. మలయాళంలో సింహవాలన్ కురంగు. తెలుగులో దీనికి పేరు లేదనే నేను అనుకున్నాను. మన పూర్వులు మెట్టభూముల నుంచి వచ్చినవాళ్ళు, ఈ వానకొండల కోతిని వాళ్ళు ఎక్కడ చూశారు, పేరు ఎక్కడ పెట్టారు అనుకున్నాను. పిల్లలకు పాఠంలో 'సింహపు తోక కోతి' అని ఇంగ్లీషు పేరునే తెలుగు చేసి చెప్పాను. ఇంటికి వచ్చి పాత నిఘంటువు తీస్తే సింగిలీకం అనే మాట ఉంది, ఒక జాతి కోతి అని. పుస్తకంలో ఉన్న మాట బీఈడీ చదివిన నాకు తెలియలేదు. బడి మొహం చూడని అవ్వ దగ్గర ఉంది. డెబ్భై ఏళ్ళు ఆమె ఆ మాటను, ఆ ప్రాణిని చూడకుండానే దాచింది.

పిల్లలు ఆ మాట వెంటనే పట్టుకున్నారు. దిగేటప్పుడు నలభై వంపులకూ అంకెలకు బదులు 'సింగిలీకం, సింగిలీకం' అని కేకలు వేశారు. ఆళియారు జలపాతం దగ్గర వ్యాను ఆపలేదు. కిటికీ అద్దాలు ఎత్తుకోమని చెప్పింది అవ్వే.

సాయంత్రం ఆనకట్ట దగ్గర కాసేపు కూర్చున్నాం. పిల్లల్లో ఒకడు, "ఆ కోతులు లేకపోతే మనకేం నష్టం టీచర్?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ నీళ్ళు చూపించాను. 1960ల్లో ఈ ఆనకట్టలు వచ్చాకనే మా మెట్టలు తోటలయ్యాయి. ఆనకట్ట నీళ్ళను తయారు చెయ్యదు, నిలుపుతుంది. వానను పట్టి, వేళ్ళలో దాచి, వాగుల్లోకి మెల్లగా వదిలేది పైనున్న అడవి. ఆ అడవిలో పెద్ద పండ్ల గింజలను ఒకచోటినుంచి మరొకచోటికి చేర్చి మొక్కలు మొలిపించే ప్రాణుల్లో ఈ కోతులు ఉన్నాయి. మన కొబ్బరికాయలో నీళ్ళకు ఆ నల్లచేతులు కూడా కొంత కారణం. 'కోతికి కొబ్బరికాయ దొరికినట్టు' అని వెక్కిరిస్తాం. కొబ్బరికాయ మనకు దొరకడంలో కోతి పాత్ర ఉందని ఎవరూ చెప్పరు.

మన పక్కనే కేరళలో సైలెంట్ వ్యాలీ ఉంది. అక్కడ విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టాలని తలపెట్టినప్పుడు, అడవి మునిగిపోతుందని పెద్ద ఉద్యమం జరిగింది. ఉపాధ్యాయులు, కవులు, శాస్త్రజ్ఞులు కలిసి నడిపిన ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది ఈ సింగిలీకమే. చివరికి ఆనకట్ట ఆలోచన మానుకున్నారు. 1984లో ఆ లోయను జాతీయ వనంగా ప్రకటించారు. ఒక కోతి ఒక అడవిని కాపాడింది అంటే అతిశయోక్తి కాదు.

శ్రోతలకు నా మనవి రెండు మాటలు. కొండదారిలో వెళ్ళేటప్పుడు కోతులకు ఏమీ పెట్టకండి, విసరకండి. స్వామికి పెట్టాలని మనసైతే గుడిలో నైవేద్యం పెట్టి ప్రసాదం పిల్లలకు పంచండి. ఆ అవ్వ అదే చేసింది. ప్రేమ ఉంటే దగ్గరికి పిలవాలని లేదు. దూరంగా నిలబడి, ఉన్నచోట ఉండనివ్వడం కూడా ప్రేమే.

రెండో మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి అడగండి. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, పురుగుల పేర్లు. వాళ్ళు చెప్పింది పిల్లలచేత తెలుగులో రాయించండి. ఆ అవ్వ మాతో రాకపోయి ఉంటే, సింగిలీకం చెట్టుమీద ఉండేది, దాని పేరు మాత్రం మాకు తెలిసేది కాదు.

తరువాతి ఆదివారం గుడి మంటపంలో 'సి' గుణింతం వచ్చింది. నేను బలపం తీసుకునే లోపే ఆ పిల్ల లేచి, పలకమీద తనంతట తానే రాసింది. 'సింగిలీకం'. సున్నా పెట్టడం మరిచిపోయింది. పక్కనున్న పిల్లవాడు దిద్దాడు.